ఒకే మైగ్రేషన్ ఫైల్లో ఐదు స్టేట్‌మెంట్లు: సగంలో ఎందుకు ఆగింది, ఇప్పుడేం చేయాలి

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా తమ్ముడూ. తర్వాత ఎవరైనా చదివితే అర్థం కావాలి కదా, అందుకని ముందు నీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్పేస్తా. తిరుపతిలో పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ చేస్తున్నావు. వెనక కోడ్ నోడ్ జేఎస్‌లో, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8. రైతుల టేబుల్లో జిల్లా పేరు అక్షరాల్లో ఉంది, దాన్ని జిల్లాల టేబుల్‌లోని ఐడీకి మార్చాలి. ఆ మార్పుకి ఐదు స్టేట్‌మెంట్లు (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశాలు) ఒకే మైగ్రేషన్ ఫైల్లో, అంటే టేబుళ్ళ రూపం మార్చే ఫైల్లో, రాశావు. ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ నుంచి నడిపితే చక్కగా నడిచింది. కోడ్ నుంచి నడిపితే 1064, సింటాక్స్ ఎర్రర్. ఆఫీసులో ఒకాయన సెమీకోలన్ దగ్గర ముక్కలు చేసి లూప్‌లో నడపమన్నాడు. లైవ్ సర్వర్ మీద అలాగే నడిపితే నాలుగోది ఫెయిలైంది. మళ్ళీ నడిపితే రెండోదాని దగ్గరే 1060, ఆ కాలమ్ ముందే ఉందంటోంది. అన్నీ కలిసి అవ్వాలి లేదా ఏదీ కాకూడదని పైన స్టార్ట్ ట్రాన్సాక్షన్ రాశావు, కానీ చేసినవి రద్దు చేయాల్సిన రోల్‌బ్యాక్ ఏమీ వెనక్కి తేలేదు.

ఇందులో మూడు వేర్వేరు సమస్యలున్నాయి. మూడూ ఒకే రాత్రి వచ్చేసరికి ఒకటే అనుకుంటున్నావు.

మొదటిది 1064. నీ ఎస్‌క్యూఎల్‌లో తప్పేమీ లేదు. టెర్మినల్‌లో వాడే మైఎస్‌క్యూఎల్ క్లయింట్ ఫైలు చదువుతూ, సెమీకోలన్ కనపడినప్పుడల్లా అంతవరకు ఉన్నదాన్ని ఒక స్టేట్‌మెంట్‌గా సర్వర్‌కి పంపుతుంది. సర్వర్‌కి అందేది ఒక్కోసారి ఒక్కటే. నీ కోడ్ మాత్రం ఫైలంతా ఒకే మూటగా పంపింది. సర్వర్ మొదటి స్టేట్‌మెంట్ చదివి, అది అయిపోయాక ఇంకా ఏదో ఉందేంటని ఆగిపోయింది. ఎర్రర్‌లో 'దగ్గర' అని చూపించిన మాట సరిగ్గా రెండో స్టేట్‌మెంట్ మొదటి పదం అయ్యుంటుంది, ఒకసారి చూసుకో. అలా ఉందంటే కారణం ఇదేనని చెప్పేయొచ్చు.

ఒకే కాల్‌లో చాలా స్టేట్‌మెంట్లు పంపే సౌకర్యం ఉంది కానీ చాలా డ్రైవర్లలో (కోడ్‌ని డేటాబేస్‌కి కలిపే లైబ్రరీల్లో) మొదట మూసే ఉంటుంది. నోడ్‌లో మల్టిపుల్ స్టేట్‌మెంట్స్, జావాలో అలౌ మల్టీ క్వెరీస్, గో భాషలో మల్టీ స్టేట్‌మెంట్స్ అని కనెక్షన్ సెట్టింగ్ పెడితే తెరుచుకుంటుంది. మూసి ఉంచడానికి కారణం ఇంజెక్షన్. ఎవడో పేరు రాసే గడిలో ఒక కోట్, ఒక సెమీకోలన్, ఆ వెనక డ్రాప్ టేబుల్ రాసి పంపితే, ఈ సెట్టింగ్ తెరిచి ఉన్న కనెక్షన్ దాన్ని కూడా నడిపేస్తుంది. కాబట్టి యాప్ రోజూ వాడే కనెక్షన్‌లో దీన్ని తెరవొద్దు. మైగ్రేషన్‌కి వేరే కనెక్షన్, వేరే యూజర్ పెట్టు. రోజూ పాల లెక్కలు రాసే డేటాబేస్ యూజర్‌కి టేబుల్ మార్చే హక్కే ఉండకూడదు.

ఇంకో పేచీ ఉంది. ఇలా మూటగా పంపినప్పుడు ఏదో ఒకటి ఫెయిలైతే సర్వర్ అక్కడే ఆగుతుంది, దాని ముందువి అప్పటికే అయిపోయి ఉంటాయి. పీహెచ్‌పీ భాషలో వాడే పీడీఓ లైబ్రరీలో ఇంకా ఘోరం. మొదటి స్టేట్‌మెంట్ సరిగ్గా నడిస్తే చాలు, కోడ్‌కి అంతా బాగున్నట్టే కనపడుతుంది. మూడోదాని ఎర్రర్ తెలియాలంటే నెక్స్ట్ రోసెట్ పిలుస్తూ ఫలితాలన్నీ చివరిదాకా చదవాలి. చదవకపోతే మైగ్రేషన్ 'సక్సెస్' అని లాగ్‌లో పడుతుంది, టేబుల్ మాత్రం మారి ఉండదు. ఇలాంటి కేసు మీద ఒకసారి రెండు రోజులు కూర్చున్నాను.

రెండోది, సెమీకోలన్ దగ్గర ముక్కలు చేయడం. మీ ఆఫీసాయన మీద కోపం లేదు, అందరం ఒకప్పుడు చేసినవాళ్ళమే. ఐదు సాదా స్టేట్‌మెంట్లకు నడుస్తుంది. కానీ సెమీకోలన్ ఎక్కడ ఉన్నా అది స్టేట్‌మెంట్ ముగింపే అనుకుంటుంది ఆ లూప్. రైతు చిరునామాలో ఎవరో 'ఇంటి నంబర్ 12; గుడి వెనక' అని రాశారనుకో, ఇన్సర్ట్ అక్కడే తెగిపోతుంది. కామెంట్‌లో సెమీకోలన్ ఉన్నా అంతే. ట్రిగ్గర్ (టేబుల్లో వరుస పడినప్పుడు దానంతటదే నడిచే కోడ్) రాసిన రోజు అసలు సంగతి బయటపడుతుంది. బిగిన్ అని మొదలుపెట్టి, లోపల మొత్తం ధర అంటే లీటర్లు ఇంటూ రేటు అని ఒక లైను రాసి సెమీకోలన్ పెట్టి, చివర ఎండ్ రాస్తావు. లూప్ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. మొదటి ముక్క ఎండ్ లేని ట్రిగ్గర్, రెండో ముక్క ఒంటరి ఎండ్. రెండింటికీ 1064.

అప్పుడు ఎవరో, ముగింపు గుర్తుని సెమీకోలన్ నుంచి ఇంకోదానికి మార్చే డెలిమిటర్ వాడమంటారు. అది సర్వర్‌కి తెలిసిన మాట కాదు, టెర్మినల్ క్లయింట్‌కి ఇచ్చే సూచన మాత్రమే. డ్రైవర్ ద్వారా పంపితే దానికి కూడా 1064 వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్టేట్‌మెంట్ల మధ్య రాసే 'గో' అనే మాట (గో భాష కాదు) కథ కూడా ఇదే. లోపల ఒకే స్టేట్‌మెంట్ ఉన్న ట్రిగ్గర్‌కి బిగిన్, ఎండ్ అక్కర్లేదు. అవి తీసేస్తే లోపలి సెమీకోలన్ కూడా పోతుంది, ఆ చిక్కు ఉండదు.

నన్నడిగితే ముక్కలు చేసే పని నువ్వు పెట్టుకోవద్దు. నోడ్ నుంచే మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌ని పిలిచి ఫైలు దానికివ్వు. అది మొదటి ఎర్రర్ దగ్గర ఆగుతుంది, ఏ లైన్లో ఆగిందో నంబర్‌తో సహా చెబుతుంది. ఫోర్స్ అనే ఆప్షన్ మాత్రం పెట్టకు. అది పెడితే ఎర్రర్లను దాటుకుంటూ చివరిదాకా పోతుంది.

ఇక అసలైనది మూడోది, సగంలో ఆగిపోవడం. ఇక్కడ కాస్త నిదానంగా చదువు.

నీ ఫైలు ఇలా ఉంది. ఒకటి, జిల్లాల టేబుల్లో తిరుపతి, అన్నమయ్య అనే కొత్త వరుసలు చేర్చడం. రెండు, రైతుల టేబుల్‌కి జిల్లా ఐడీ కాలమ్ జోడించడం. మూడు, మండలం పేరు చూసి ఐడీ నింపడం. నాలుగు, ఆ కాలమ్ ఖాళీగా ఉండకూడదని మార్చడం. ఐదు, పాత జిల్లా పేరు కాలమ్ తీసేయడం.

2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు మన ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ నడిపిన ప్రతివాడూ ఈ పని చేశాడు. చంద్రగిరి, శ్రీకాళహస్తి చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి వచ్చాయి. మదనపల్లె రాయచోటి కేంద్రంగా ఏర్పడిన అన్నమయ్యలోకి పోయింది. కాగితం మీద ఒక పట్టిక, అంతే. డేటాలో మాత్రం శ్రీకాళహస్తి ఒకచోట 'కాళహస్తి', ఇంకోచోట 'శ్రీ కాళహస్తి', మరోచోట వెనక ఒక స్పేస్‌తో ఉంటుంది. నీ మూడో స్టేట్‌మెంట్ సరిగ్గా కలిసిన వాటికే ఐడీ పెట్టింది, మిగతావి నల్‌గా, అంటే ఖాళీగా, ఉండిపోయాయి. నాలుగోది నల్ కుదరదనేసరికి ఆగిపోయింది. ల్యాప్‌టాప్‌లోని టెస్ట్ డేటాలో అందరి మండలం పేర్లూ నువ్వే రాసినవి కాబట్టి అక్కడ ఇది కనపడలేదు.

నీ లూప్ ఎర్రర్ రాగానే ఆగింది కాబట్టి బతికిపోయావు. ఎర్రర్‌ని లాగ్‌లో రాసి తర్వాతదానికి వెళ్ళేలా రాసి ఉంటే ఐదోది నడిచేది. పాత జిల్లా పేర్లు పోయేవి, కొత్త ఐడీలు సగమే ఉండేవి. వేలమంది రైతుల పాస్‌బుక్కులు తెచ్చి చూసుకోవాల్సి వచ్చేది.

మరి రోల్‌బ్యాక్ ఎందుకు పనిచేయలేదు? మైఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్ టేబుల్, క్రియేట్ టేబుల్, డ్రాప్ టేబుల్ లాంటివి నడిచే ముందు అప్పటిదాకా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ని నిన్ను అడక్కుండానే కమిట్ (ఇక వెనక్కి రాకుండా ఖాయం) చేసేస్తాయి. నీ రెండో స్టేట్‌మెంట్ మొదలవగానే మొదటి ఇన్సర్ట్ కమిట్ అయిపోయింది. ఆ పైన స్టార్ట్ ట్రాన్సాక్షన్ అనేదే లేదు, మూడోది దానంతటదే కమిట్ అయింది. నాలుగోది ఫెయిలయ్యాక నువ్వు రోల్‌బ్యాక్ అంటే వెనక్కి తిప్పడానికి ఏముంది? 8.0 నుంచి ఒక్కో ఆల్టర్ అయితే పూర్తిగా అవుతుంది లేదా అసలు కాదు, సర్వర్ మధ్యలో పడిపోయినా సరే. ఆ భరోసా ఒక్క స్టేట్‌మెంట్‌కే, ఫైలుకి కాదు. ఒరాకిల్ కూడా ఈ విషయంలో మైఎస్‌క్యూఎల్ లాంటిదే.

నీ కోడ్‌లో ఇంకోటి కూడా కనపడింది. లూప్‌లో ప్రతి స్టేట్‌మెంట్‌నీ పూల్ (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) మీద నడిపావు. పూల్ ఖాళీగా ఉన్న ఏదో ఒక కనెక్షన్ ఇస్తుంది. స్టార్ట్ ట్రాన్సాక్షన్ ఒక కనెక్షన్ మీద, అప్‌డేట్ ఇంకోదాని మీద పడొచ్చు. ఆల్టర్ లేకపోయినా ఆ ట్రాన్సాక్షన్‌కి అర్థం లేదు. పూల్ నుంచి ఒక కనెక్షన్ తీసుకుని, పని అయ్యేదాకా దాన్నే పట్టుకో.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో ఈ బాధ తక్కువ. అక్కడ టేబుల్ మార్పులు కూడా ట్రాన్సాక్షన్‌లో ఉంటాయి, నాలుగోది ఫెయిలైతే మొదటి ఇన్సర్ట్ కూడా వెనక్కి పోతుంది. ఇండెక్స్‌ని కంకరెంట్లీ అని కట్టడం, వాక్యూమ్ లాంటివి మాత్రం ట్రాన్సాక్షన్ లోపల నడవవు, వాటికి వేరే ఫైలు పెట్టాలి. ఇంకో మెలిక, దాని టెర్మినల్ క్లయింట్ పీఎస్‌క్యూఎల్‌కి ఫైలిస్తే మామూలుగా ఎర్రర్ వచ్చినా ఆగదు, తర్వాతదానికి పోతుంది. పైగా చివర్లో అంతా బాగున్నట్టే బయటికొస్తుంది. ఆన్ ఎర్రర్ స్టాప్ పెట్టాలి, సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ కూడా ఇవ్వాలి. మొదటిది లేని డిప్లాయ్ స్క్రిప్ట్ చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. పారామీటర్లతో ప్రిపేర్ చేసి పంపితే అక్కడ కూడా ఒక్క స్టేట్‌మెంటే ఒప్పుకుంటుంది.

ఇది చదివి డేటాబేస్ మార్చేద్దాం అనుకోకు. మైఎస్‌క్యూఎల్‌లో ఉన్నప్పుడు ఫైలు రాసే పద్ధతి మార్చుకుంటే సరిపోతుంది. ఒక ఫైల్లో ఒక్క ఆల్టర్. ఒకే టేబుల్‌కి నాలుగు మార్పులుంటే కామాలతో ఒకే ఆల్టర్‌లో రాయి, అప్పుడవి కలిసి అవుతాయి లేదా కలిసి ఆగుతాయి. డేటా నింపే అప్‌డేట్‌కి వేరే ఫైలు, దానికి మామూలు ట్రాన్సాక్షన్. కాలమ్ తీసేయడం మాత్రం అదే రోజు వద్దు. కొత్త కాలమ్ మీద యాప్ కనీసం ఒక బిల్లు సైకిల్ నడిచి, రైతులకు డబ్బులు సరిగ్గా పడ్డాక తీసేయి. పాత కాలమ్ నాలుగు వారాలు ఉంటే డిస్కు ఏమీ నిండిపోదు.

మళ్ళీ నడిపినా విరగకుండా రాయమని అందరూ చెప్తారు, మంచిదే. క్రియేట్ టేబుల్‌కి ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ ఉంది. కాలమ్ జోడించేటప్పుడు అదే మాట మరియాడీబీలో నడుస్తుంది, మైఎస్‌క్యూఎల్ 8.0లో నడవదు. టేబుళ్ళ వివరాలుండే ఇన్ఫర్మేషన్ స్కీమాలో కాలమ్ ఉందో లేదో చూసుకుని వేయాలి. నేనైతే ఒక ఫైలుకి ఒక ఆల్టర్ పద్ధతి పెట్టుకున్నాక ఆ చెకింగ్‌లు రాయడం మానేశాను. ఏది అయిందో ఏది కాలేదో ఫైలు నంబరే చెబుతుంది.

నువ్వు అడగలేదు కానీ లాక్‌ల గురించి, అంటే ఒకరు టేబుల్ వాడుతుంటే ఇంకొకరిని ఆపే తాళాల గురించి, చెప్పకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తావు.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తూకం సాఫ్ట్‌వేర్ చూసేవాడిని. జూన్ నెల, తోతాపురి దిగే రోజులు. రాత్రి పదిన్నరకి తూకం చీటీల టేబుల్‌కి ఒక చిన్న కాలమ్ జోడిద్దామనుకున్నా. ఒక సెకను పని. ఎంటర్ కొట్టా, ప్రాంప్ట్ తిరిగి రాలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ఫోన్ మోగింది, కాటా దగ్గర కుర్రాడు. 'సార్, చీటీ రావట్లేదు, స్క్రీన్ తిరుగుతానే ఉంది.' గేటు బయట లోడుతో ట్రాక్టర్లు రోడ్డు దాకా ఉన్నాయి, కాటా మీద ఒకటి నిలబడి ఉంది. సర్వర్‌లో ఏమేం నడుస్తున్నాయో చూపే షో ప్రాసెస్‌లిస్ట్ కొడితే ఒకదాని కింద ఒకటి ఒకే మాట: టేబుల్ మెటాడేటా లాక్ కోసం వెయిటింగ్. వాటిల్లో మొదటిది నాదే.

జరిగిందేమిటంటే, అకౌంట్స్ గదిలో ఒకాయన సాయంత్రం ఒక రిపోర్టు తెరిచి, విండో మూయకుండా ఇంటికి పోయాడు. ఆ టూల్ ట్రాన్సాక్షన్ తెరిచి కమిట్ చేయకుండా ఉంచింది. ఆ టేబుల్‌ని చదివిన ట్రాన్సాక్షన్ ముగియనిదే నా ఆల్టర్‌కి దారి లేదు. అక్కడితో ఆగినా బాగుండేది. నా ఆల్టర్ లైన్లో నిలబడినందుకు దాని వెనక వచ్చిన ప్రతి చీటీ, మామూలు సెలెక్ట్‌తో సహా, నా వెనకే నిలబడింది. నా ఆల్టర్‌ని కిల్ చేశా, రెండు సెకన్లలో ప్రింటర్ కదిలింది. తర్వాత ఆ రిపోర్టు సెషన్‌ని వెతికి మూయించా.

ఆ రాత్రి తర్వాతే లాక్ వెయిట్ టైమౌట్ డీఫాల్ట్ విలువ చూశాను. 31536000 సెకన్లు. లెక్కేస్తే సరిగ్గా 365 రోజులు. అంటే నేను కిల్ చేయకపోతే వచ్చే ఏడు మామిడి సీజన్ దాకా అది ఓపిగ్గా నిలబడేదన్నమాట! అప్పటినుంచి నా ప్రతి మైగ్రేషన్ ఫైల్లో మొదటి లైను ఈ సెషన్‌కి ఆ టైమౌట్‌ని 5 సెకన్లు చేయడం. దొరక్కపోతే ఫెయిలవుతుంది, కాసేపాగి మళ్ళీ నడుపుతా. పోస్ట్‌గ్రెస్‌లో లాక్ టైమౌట్ అని ఉంటుంది, అదీ డీఫాల్ట్‌గా హద్దు లేనిదే.

నీది పాల సాఫ్ట్‌వేర్. పొద్దున, సాయంత్రం పాలు పోసే వేళల్లో దాన్ని తాకకు. మధ్యాహ్నం ఎంచుకో. అర్ధరాత్రి కంటే నాకు మధ్యాహ్నమే ఇష్టం, ఏదైనా అయితే ఫోన్ ఎత్తే మనుషులు మెలకువగా ఉంటారు.

మైగ్రేషన్ టూల్ వాడాలా అంటే వాడు, ఏదైనా పర్వాలేదు. ఫ్లైవే అయితే ఏ ఫైళ్ళు నడిచాయో ఒక టేబుల్లో రాసుకుంటుంది, నడిచిన ఫైల్లో ఒక్క అక్షరం మార్చినా చెక్‌సమ్ తేడా వచ్చి అరుస్తుంది. మంచి అలవాటు నేర్పుతుంది, నడిచిన ఫైలుని దిద్దకుండా కొత్త ఫైలు రాయిస్తుంది. కానీ మైఎస్‌క్యూఎల్‌లో సగంలో ఆగితే ఏ టూలూ వెనక్కి తిప్పలేదు. మిగిలింది చేత్తో శుభ్రం చేసి, రిపేర్ కమాండ్ కొట్టమంటుంది.

ఫైలు మొదటి లైన్లోనే 1064 వచ్చి, ఎంత చూసినా తప్పు కనపడకపోతే, ఫైలుని విండోస్ నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేశావేమో చూడు. మొదట్లో కంటికి కనపడని మూడు బైట్లు చేరి ఉండొచ్చు. మండలం పేర్లు తెలుగులో పెడుతున్నావు కాబట్టి కనెక్షన్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని తప్పక చెప్పు. తప్పు సెట్‌తో పోయిన తెలుగు ప్రశ్నార్థకాలుగా మారి టేబుల్లో పడితే, ఆ ప్రశ్నార్థకాల్లోంచి అక్షరాలు తిరిగి రావు.

ఇప్పుడు నీ సర్వర్ సంగతి. ముందు రైతులు, జిల్లాల టేబుళ్ళు రెండింటికీ మైఎస్‌క్యూఎల్ డంప్ (బ్యాకప్ కాపీ) తీసుకో, తీసింది ఇంకో డేటాబేస్‌లో ఎక్కించి వరుసలు లెక్కపెట్టు. పాత ఫైలుని మళ్ళీ నడపకు. నువ్వు రెండుసార్లు నడిపావు కాబట్టి జిల్లాల టేబుల్లో తిరుపతి, అన్నమయ్య రెండేసి వరుసలు పడి ఉంటాయి, పేరు మీద యూనిక్ కీ (ఒకే పేరు రెండుసార్లు పడకుండా ఆపేది) లేకపోతే. రైతులు ఏ ఐడీని పట్టుకున్నారో చూసి రెండోది తీసేయి, పేరు మీద యూనిక్ కీ పెట్టు. తర్వాత జిల్లా ఐడీ నల్‌గా ఉన్న రైతుల మండలం పేర్లని గ్రూప్ చేసి, ఒక్కో పేరుతో ఎంతమంది ఉన్నారో తీయి. ఇరవై ముప్పై రకాలకు మించి ఉండవు. వాటిని ఎక్సెల్‌లో పెట్టి, ఆ కేంద్రాలు తెలిసిన మనిషి పక్కన కూర్చుని సరైన మండలం రాయించు. ఊహించి నింపొద్దు. ఆ జాబితాతో ఒక అప్‌డేట్ ఫైలు రాసి ట్రాన్సాక్షన్‌లో నడుపు. నల్ లెక్క సున్నా వచ్చాకే నాలుగోదాన్ని వేరే ఫైలుగా వేయి.

ఐదోదాన్ని ప్రస్తుతానికి ఫైల్లోంచే తీసి పక్కన పెట్టు. గ్రూప్ చేసిన జాబితా వచ్చాక, రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు లేకుండా మండలం పేర్లూ లెక్కలూ మాత్రం ఇక్కడ పెట్టు, షో క్రియేట్ టేబుల్ ఇచ్చింది కూడా. రేపు మధ్యాహ్నం చూస్తాను.